వెనక సీటులో పెద్దావిడ

పోయినవారం మనం స్కేలమ్మను లిఫ్టులో వదిలేశాం. ఒంటరిగానే వదిలేశాం గానీ, చేతిలో తనది కాని కారు తాళంచెవి ఒకటి ఉంది కాబట్టి ఆమె ముఖం కాస్త వెలుగుతోంది. కథలోకి కొత్తగా వచ్చినవారి కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు ఓపిక పట్టాలి.

స్కేలమ్మ ఇళ్ళకూ భవనాలకూ ప్లాన్లు గీసే ఆర్కిటెక్టు. సంచిలో ఎప్పుడూ స్కేలు పెట్టుకు తిరుగుతుందనీ, ఎవరింటికి వెళ్ళినా కుర్చీ ఎత్తు కొలవందే కూర్చోదనీ ఆఫీసువాళ్ళు పెట్టిన పేరది. నలభై దాటింది. పెళ్ళయింది, విడిపోయింది. విడిపోయేటప్పుడు ఆయన ఫ్రిజ్జూ సోఫాలూ పట్టుకెళ్ళి, ఒక పాత కారు మాత్రం వదిలేశాడు. అది స్టార్టయ్యే ముందు గొంతు సవరించుకుని బాగా దగ్గుతుంది. అందుకని ఆఫీసులో దాని పేరు దగ్గుల మామయ్య.

ఆఫీసు యజమానిని అందరూ పెద్దాయన అంటారు. క్లయింటు మనసు డ్రాయింగు దగ్గర కాదు, సైటుకు వెళ్ళే కారులోనే తేలిపోతుందని ఆయన గట్టి నమ్మకం. ఆర్కిటెక్టు తన కారులో, క్లయింటును ముందు సీటులో పక్కన కూర్చోబెట్టుకుని, దారి పొడుగునా కబుర్లు చెబుతూ సైటుకు తీసుకెళ్ళాలి. ఆ ఆఫీసులో పద్ధతి అది. దగ్గుల మామయ్యలో క్లయింటును ఎక్కించే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే స్కేలమ్మ ప్లాను గీయడం, ఇంకెవరో క్లయింటును ఎక్కించుకుని వెళ్ళి దండ వేయించుకోవడం ఏళ్ళ తరబడి జరుగుతోంది. "నీ చెయ్యి బంగారం తల్లీ, ఆ కారే..." అని వాక్యం సగంలో ఆపేయడం పెద్దాయనకు అలవాటు.

అలాంటి పెద్దాయన పోయినవారం తన నల్లకారు తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పొద్దున డాక్టరమ్మగారిని ఇంటి నుంచి సైటుకు నువ్వే తీసుకురా. నీ తాళంచెవి రిసెప్షన్లో ఇచ్చెయ్యి, ఇక్కడ పార్కింగులో అడ్డమొస్తే జరుపుకుంటాం" అన్నాడు. డాక్టరమ్మగారంటే పిల్లల డాక్టరుగా పేరు తెచ్చుకుని రిటైరైన పెద్దావిడ. తనకున్న స్థలంలో, ఒంటరిగా బతికే ఆడవాళ్ళ కోసం ఇళ్ళు కట్టించాలని ఆవిడ కోరిక. ఆ ఇళ్ళ ప్లాను మొదటి గీత నుంచి చివరి గీత దాకా స్కేలమ్మది. ఈ పని కుదిరితే ఆఫీసు బోర్డు మీద తన పేరు కింద ఆమె పేరు రాయిస్తానని పెద్దాయన మాటిచ్చాడు. సంగతి ఇదీ.

ఇక పొద్దున్నే ఏం జరిగిందో చూద్దాం.

స్కేలమ్మ లేచి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నల్ల పాంటు వేసుకుంది. అద్దంలో చూసుకుంటే బాధ్యత గల మనిషిలా అనిపించింది. ఈ సంతోషం ఎవరితోనైనా పంచుకోవాలి కదా. చెల్లెలికి ఫోన్ చేసింది. "అక్కా, పిల్లల్ని స్కూలుకు పంపే హడావిడిలో ఉన్నాను, మళ్ళీ చేస్తాను" అంది చెల్లెలు. చేయదని ఇద్దరికీ తెలుసు. చెల్లెలిది తప్పేం కాదు, నిండా మనుషులున్న ఇంట్లో ఉన్నవాళ్ళకు ఒంటరివాళ్ళ ఫోన్లు ఎప్పుడూ వేళకాని వేళలోనే వస్తాయి. స్కేలమ్మ ఫోన్ పెట్టేసి, "నల్లకారట, చూశావా" అని తాళంచెవికే చెప్పుకుంది.

నల్లకారు నడపడం మాటలా? అందులో ఏ మీట నొక్కితే ఏమవుతుందో పెద్దాయన డ్రైవరుకు తప్ప ఎవరికీ తెలియదు, ఆ డ్రైవరేమో ఈ వారమంతా సెలవు. ఆమె కుడివైపు తిరుగుతున్నానని సైగ చేయబోతే అద్దం మీద నీళ్ళు చిమ్మాయి. అయినా ఒక వింత జరిగింది. రోడ్డు మీద అందరూ దారి ఇస్తున్నారు. దగ్గుల మామయ్యను చూస్తే హారన్లు కొట్టి తరిమే లారీలు కూడా పక్కకు తప్పుకుంటున్నాయి. మనిషి అదే, చేతులు అవే, కింద చక్రాలు మారేసరికి ఊరంతా మర్యాద నేర్చుకుంది. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూపించడానికి పక్క సీటులో ఎవరైనా ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ ఇంటి ముందు కారు ఆపింది. పెద్దావిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. బక్కపలచని మనిషి, తెల్లటి జుట్టు, చేతిలో కర్ర, మోకాలు నొప్పి నడకలోనే తెలుస్తోంది. స్కేలమ్మ గబగబా దిగి, కారు చుట్టూ తిరిగి వెళ్ళి, ముందు తలుపు తీసి పట్టుకుంది.

పాపం, అక్కడే దెబ్బతింది. తెల్ల చొక్కా, నల్ల పాంటు, అంత పెద్ద కారు, పైగా దిగొచ్చి తలుపు తీయడం. డాక్టరమ్మ ఆ తలుపు నెమ్మదిగా మూసేసి, వెనక తలుపు తనే తీసుకుని కూర్చుంది.

"పోదామా అమ్మాయ్" అంది.

మోకాలు చాపుకోవడానికి వెనక సీటు సుఖంగా ఉంటుందని కాబోలు అనుకుంది స్కేలమ్మ. నిద్ర మానేసి మరీ తయారుచేసుకున్న మొదటి వాక్యం ఒకటుంది ఆమె దగ్గర. "డాక్టరుగారూ, ఈ ఇళ్ళ గురించి నాకు మొదట తట్టిన ఆలోచన ఏమిటంటే..." అని. వీధి మలుపు తిరిగాక మొదలుపెడదామని గొంతు సవరించుకుంది. సరిగ్గా అప్పుడే వెనక ఫోన్ మోగింది.

"ఆఁ, బయల్దేరామండీ. మీ కారు వేళకే వచ్చింది." డాక్టరమ్మ గొంతు పెద్దది, చెవుడు కాస్త ఉన్నవాళ్ళ గొంతు. "డ్రైవరుగా ఆడమనిషిని పెట్టుకున్నారే, మంచి పని చేశారు. నాకూ హాయిగా ఉంది."

స్కేలమ్మ ఉలిక్కిపడి బ్రేకు తొక్కబోయింది. మరుక్షణమే కుదుటపడింది. అవతల ఉన్నది పెద్దాయనే. ఇప్పుడు చెబుతాడు. అయ్యో డ్రైవరు కాదండీ, మీ ప్లాను గీసిన మనిషి అంటాడు. పెద్దావిడ నొచ్చుకుంటుంది, తను ఫరవాలేదండీ అంటుంది, ఇద్దరూ నవ్వుకుంటారు. ఆ నవ్వుతో మాటలు మొదలవుతాయి. ఆమె అద్దంలో డాక్టరమ్మ ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

డాక్టరమ్మ వింటోంది. తల ఊపింది.

"ఆఁ... అలాగా. నెమ్మదిగానే నడుపుతోంది లెండి. ఇంతకీ మీ అల్లుడుగారు సైటులో ఉంటారు కదా? ప్లాను గీసింది ఆయనే అన్నారుగా. ఆయన్ని చూడాలని ఉంది నాకు. అంత చిన్న వయసులో అంత ఆలోచన ఎలా వచ్చిందో అడగాలి. సరే, ఉంటాను."

ఫోన్ సంచిలో పెట్టేసింది. అంతే.

స్కేలమ్మ రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే వాటినేం చేయాలో ఆమెకు తెలిసేది కాదు. తెల్లవారుజాము నుంచీ మోసుకొచ్చిన సంతోషమంతా ఒక్కసారిగా దిగిపోయి, తల కొట్టేసినట్టయింది. డ్రైవరు సెలవు సంగతి ఆమెకు ముందే తెలుసు. తన చేతికి తాళంచెవి వచ్చిన సంగతీ తెలుసు. ఆ రెండిటికీ ముడి ఉందని మాత్రం ఇప్పటిదాకా తట్టలేదు. పెద్దాయన ఆమెకు కారు ఇవ్వలేదు. కారుకు ఆమెను ఇచ్చాడు. ప్లాను మీద ఎవరి పేరుందో కూడా ఇప్పుడే తెలిసింది. అల్లుడికి ఏదైనా ప్రశ్న తగిలి నీళ్ళు నమిలితే జవాబు అందించడానికి, అందుబాటులో, కారు పక్కన నిలబడి ఉండాలి తను. అదన్నమాట ఏర్పాటు.

అప్పుడే వెనక్కి తిరిగి నిజం చెప్పేయొచ్చు కదా అని మీరు అంటారు. నేనూ అన్నాను. ఆమె కూడా అనుకుంది. కానీ ఏమని చెబుతుంది? మా యజమాని మీతో అబద్ధమాడాడు అనా? చెబితే పని పోతుంది, చెప్పకపోతే ప్లాను పోతుంది. ఇంటికి వెళ్ళి సలహా అడగడానికి వంటింటి గోడ తప్ప ఎవరూ లేని మనిషి. నిర్ణయాలన్నీ ఒక్కతే తీసుకోవలసిన వాళ్ళకు ప్రతి నిర్ణయమూ ఆలస్యమవుతుంది. ఆమె గేరు మార్చి ముందుకు పోనిచ్చింది.

సిగ్నలు దగ్గర ఆగినప్పుడు వెనక నుంచి మాట వినిపించింది.

"పెద్దాయన దగ్గర చాలా కాలంగా చేస్తున్నావా అమ్మాయ్?"

"పదేళ్ళు దాటిందండీ."

"బాగా చూసుకుంటాడా?"

"ఇవాళ కారు ఇచ్చారండీ" అంది స్కేలమ్మ.

డాక్టరమ్మకు అందులో చమత్కారం అర్థమయ్యే వీలు లేదు. అయినా ఏదో వినిపించినట్టు అద్దంలోకి చూసింది.

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

ఈ ప్రశ్న స్కేలమ్మకు కొత్త కాదు. దానికి ఆమె దగ్గర తయారుగా ఉన్న జవాబులు కూడా ఉన్నాయి. చెల్లెలు దగ్గర్లోనే ఉంటుందండీ, అని ఒకటి. పని ఎక్కువండీ, ఇంట్లో ఉండేదే తక్కువ, అని ఇంకొకటి. ఆఫీసులో ఆర్కిటెక్టుగా ఉన్నప్పుడు అడిగితే అవే చెప్పేది. డ్రైవరుకు అంత మొహమాటం దేనికి?

"నేనొక్కదాన్నేనండీ."

"నేనూ అంతే" అంది డాక్టరమ్మ.

అయ్యో పాపం అనలేదు. ఇంకా పెళ్ళి చేసుకోవచ్చుగా అనలేదు. ఆకుపచ్చ లైటు పడింది, కారు కదిలింది. ఆవిడే మళ్ళీ అంది. "నాకు ఇంట్లో కుళాయితో మాట్లాడే అలవాటుందిలే. చుక్కలు చుక్కలుగా కారుతుంటుంది. బాగుచేయించమని అందరూ చెబుతారు. చేయిస్తే మరీ నిశ్శబ్దంగా ఉంటుందని ఊరుకున్నాను."

"నేను కారుతో మాట్లాడతానండీ."

"దీంతోనా?"

"దీంతో కాదండీ, నా దాంతో. పాతది, దగ్గుతుంది. దగ్గితే బదులిచ్చినట్టే ఉంటుంది. పక్క సీటులో ఎవరూ కూర్చోరు కాబట్టి డ్రాయింగు గొట్టాలు..." నాలుక కరుచుకుంది. "సామాన్లు పెడతాను. బెల్టు కూడా పెడతాను వాటికి, లేకపోతే కారు ఊరికే కీచుమంటుంది."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. స్కేలమ్మకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఆమెకు ఒక సంగతి గుర్తొచ్చింది. పని గురించి కాకుండా తనతో ఎవరైనా ఇంతసేపు మాట్లాడి ఎంతకాలమైందో లెక్క కూడా తెలియదు.

"ఒక్కదానివే ఉన్నావు కదా, నిన్నడుగుతాను" అంది డాక్టరమ్మ. "అన్నిటికన్నా కష్టమైంది ఏమిటంటావు? పండగలూ పబ్బాలూ అని చెప్పకు. అది అందరూ చెప్పేదే."

రోడ్డు ఖాళీగా ఉంది. స్కేలమ్మ ఆలోచించుకుని, నిజమే చెప్పింది.

"ఒకసారి జ్వరమొచ్చిందండీ. లేవలేకపోయాను. బయట వరండాలో జనం నడిచి వెళ్తూనే ఉన్నారు, చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. పిలుద్దామంటే ఎవరి పేరూ తెలీదు. నా వంటింటి కిటికీ అవతలి బిల్డింగు గోడ వైపు ఉంటుంది. లైటు వేసినా ఆ గోడకే తెలుస్తుంది, వేయకపోయినా ఆ గోడకే తెలుస్తుంది. అది వరండా వైపు ఉండుంటే, ఈవిడ ఇవాళ లైటు వేయలేదేమిటని ఎవరో ఒకరు అనుకునేవాళ్ళు కదా అనిపించింది. రావక్కర్లేదండీ. అనుకుంటే చాలు."

డాక్టరమ్మ కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఆ ప్లానులో అచ్చం అదే ఉంది" అంది. "అన్ని వంటిళ్ళ కిటికీలూ వరండాలోకే. అది చూసే నేను ఒప్పుకున్నాను. కానీ ఒకటి నచ్చలేదు. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ లోపలికి తొంగిచూస్తుంటే ఎలా ఉంటుంది? నాకైతే ఒళ్ళు మండుతుంది."

బోర్డు మీద పేరు పోయినా ఓర్చుకుంది గానీ, కిటికీని అనేసరికి స్కేలమ్మ ఊరుకోలేకపోయింది.

"తొంగిచూడలేరండీ. అందుకే కిటికీ గట్టు అంత ఎత్తు పెట్టింది. బల్ల ఆ గట్టుకు ఆనించే ఉంటుంది. నడిచేవాళ్ళకు లోపల కూర్చున్న మనిషి తల ఒక్కటే కనపడుతుంది. బల్ల మీద ఏముందో గట్టు చాటునే ఉండిపోతుంది. మనిషి ఉందని తెలిస్తే చాలండీ, ఏం తింటోందో ఎవరికి కావాలి? తలుపేసుకున్నా ఒంటరి కానక్కర్లేదు, తలుపు తీసినా బజారు కానక్కర్లేదు. అంతే కదా కావలసింది."

అన్నాక ఆమెకు తెలిసొచ్చింది. ఏ డ్రైవరూ క్లయింటుకు కిటికీ గట్టు సంగతి ఇలా చెప్పడు. అద్దంలోకి చూడటానికి ధైర్యం చాలలేదు.

డాక్టరమ్మ సంచి తెరిచింది. ఫోన్ తీసింది.

"నేనేనండీ. మీరు కూడా సైటుకు రావాలి. ఆఁ, ఇవాళే, ఇప్పుడే. అల్లుడుగారు ఉంటే చాలదు. కారు మా దగ్గరుంటే ఏమైందండీ, ఏది దొరికితే అది ఎక్కి రండి. మీరొచ్చేదాకా నేను అక్కడే ఉంటాను."

ఆ తర్వాత సైటు చేరేదాకా ఏం తప్పు మాట్లాడానా అని స్కేలమ్మ మథనపడుతూనే ఉంది. తెలిసిపోయిందా? తెలిస్తే కోపమొచ్చిందా? వెనక్కి తిరిగి అడగాలని ఉంది. డ్రైవర్లు అడగరు.

సైటు గేటు దగ్గర అడ్డకర్ర ఉంది. వాచ్‌మన్ నల్లకారును దూరం నుంచే చూసి కర్ర ఎత్తేసి, సెల్యూటు కొట్టాడు. లోపల ఎవరున్నారో వంగి కూడా చూడలేదు.

అల్లుడుగారు ఎదురొచ్చాడు. కుర్రతనం ఇంకా పోని ముఖం, కొత్త కళ్ళద్దాలు. ఇతను ఆఫీసులో చేరిన కొత్తలో మెట్ల కొలత వేయడం నేర్పింది స్కేలమ్మే. మిగతావాళ్ళంతా ఎవరి కార్లలో వాళ్ళు కలిసి భోజనానికి వెళ్ళిపోయే రోజుల్లో, "అక్కా, నువ్వు తిన్నావా" అని ఆమె బల్ల దగ్గరికి వచ్చే ఒకే ఒక్క మనిషి. ఆ పిలుపు కోసమే డబ్బా మూత తీయకుండా కాసేపు ఆగిన రోజులున్నాయి. ఇవాళ అతను వెనక తలుపు తీసి డాక్టరమ్మకు చెయ్యందించాడు. ముందు సీటు వైపు చూడలేదు.

చెట్టు నీడన బల్ల వేసి ప్లాను పరిచారు. స్కేలమ్మ కారు పక్కనే నిలబడింది. అక్కడ నుంచి అన్నీ వినిపిస్తున్నాయి. అల్లుడుగారు చక్కగానే చెప్పాడు, ఆమె రాసిచ్చిన మాటలే. డాక్టరమ్మ ప్రతిదానికీ అడుగుతూ, కర్ర కొనతో హద్దులు చూపించమంటూ తీరిగ్గా విన్నది. ఎండ చెట్టుకు అటువైపు జరిగింది. చివరికి ఆవిడ వేలు కిటికీ దగ్గర ఆగింది.

"ఇది వరండా వైపు ఎందుకు పెట్టావు బాబూ?"

"గాలి బాగా ఆడుతుందండీ. వెలుతురు కూడా."

"గట్టు ఇంత ఎత్తెందుకు?"

అల్లుడుగారు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "దొంగల భయం ఉండదని."

"మీ డ్రైవరమ్మాయి వేరేగా చెప్పిందే."

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరమ్మ కర్ర ఎత్తి స్కేలమ్మ వైపు చూపించింది. "ఆమె మీ డ్రైవరేనా?"

అప్పుడు చూశాడు అతను. ఆమె కళ్ళలోకే చూశాడు. అక్కా, ఏం చేయమంటావు, అన్నట్టు చూశాడు. స్కేలమ్మ కూడా చూసింది. బతిమాలలేదు, బెదిరించలేదు. ఒక్క మాట చాలు అతను అనడానికి. ఆ మాట కోసం ఆమె ఊపిరి కూడా తీసుకోలేదు.

"అవునండీ" అన్నాడు అల్లుడుగారు. "మా మామయ్యగారి డ్రైవరే."

పెద్దాయన ఫోన్లో చేసింది మోసం. దానికి కోపమొచ్చింది. ఇది అలా లేదు. ఊళ్ళో తన పేరు తెలిసిన మనుషుల్లో ఒకరు తగ్గిపోయినట్టు అనిపించింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఇక నుంచి డబ్బా మూత వెంటనే తీసి తినేయొచ్చు అనిపించింది, ఆ ఆలోచనకు మాత్రం కళ్ళు మండాయి.

గాలికి ప్లాను ఒక మూల లేచి కొట్టుకుంటోంది. స్కేలమ్మ నడిచి వెళ్ళి, ఆ మూల సాపుచేసి, ఎగిరిపోకుండా దాని మీద నల్లకారు తాళంచెవి పెట్టింది.

"మీ మామయ్యగారికి ఇచ్చేయండి" అంది. అతన్ని మీరు అనడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "బాబూ, తూర్పు మూల హద్దురాయి ఉందో లేదో చూసి రా నాయనా" అంది. అల్లుడుగారు అదే చాలన్నట్టు జారుకున్నాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని, మోకాలు నిమురుకుంటూ అడిగింది.

"నువ్వు డ్రైవరువి కాదు కదూ?"

"కాదండీ."

"ఇది నీ ప్లాను."

"అవునండీ."

"నువ్వు తీసిన ముందు సీటు తలుపు మూసేసి వెనక కూర్చుంది నేనే. అది నా తప్పు. పెద్ద కారు చూసి, నడిపే మనిషిని చూడలేదు. కానీ మా ఇంటి దగ్గర నుంచి ఇక్కడి దాకా వచ్చాం. ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా. ఎందుకు చెప్పలేదు?"

ఉద్యోగం పోతుందని అనొచ్చు. యజమాని పరువు కోసం అనొచ్చు. రెండూ సగం సగం నిజాలే. స్కేలమ్మ నేల వైపు చూసింది.

"మీరు మాట్లాడుతున్నారు కదండీ" అంది. "నేనెవరో చెబితే పని మాటలు మొదలవుతాయి. ఆ కుళాయి కబురు ఆగిపోతుందేమో అనిపించింది."

డాక్టరమ్మ చెయ్యి చాచి పక్క కుర్చీని తన దగ్గరికి లాగింది. స్కేలమ్మ కూర్చుంది. ఎత్తు కొలవలేదు.

అప్పుడు వినిపించింది దగ్గు. గేటు బయట, రోడ్డు మీద, గొంతు సవరించుకుని, ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది. ఆ దగ్గును వెయ్యి కార్లలో ఉన్నా ఆమె గుర్తుపడుతుంది. వాచ్‌మన్ అడ్డకర్ర ఎత్తలేదు. అతని గొంతు ఇక్కడిదాకా వస్తోంది.

"ముందు ఆ డొక్కు పక్కకు తియ్యండి. పెద్దసార్ వచ్చే వేళయింది."

"నేనేనయ్యా పెద్దసార్ని."

"రోజూ ఇలా చాలామంది చెబుతారు. పెద్దసార్ కారు లోపలే ఉంది."

డాక్టరమ్మ మెడ చాచి చూసింది. "ఎవరిదా కారు?"

"నాదండీ."

"సామాన్లకు బెల్టు పెట్టేది?"

"ఆఁ, అదేనండీ."

పెద్దావిడ నవ్వలేదు. గేటు వైపే చూస్తూ ఉంది. చివరికి పెద్దాయన కారును రోడ్డు మీదే వదిలేసి, అడ్డకర్ర కింద నుంచి వంగి దూరి, ఎండలో నడిచి వచ్చాడు. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది, పాంటుకు గ్రీజు మరక. చేతిలో దగ్గుల మామయ్య తాళంచెవి. బల్ల దగ్గరికొచ్చి, ప్లాను మూల మీదున్న తన తాళంచెవిని చూశాడు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరినీ చూశాడు. అల్లుడి కోసం వెతికాడు, అల్లుడు తూర్పు మూలన రాయిలాగే నిలబడి ఉన్నాడు. ఆ కుర్రాడు ఇక్కడ ఏం చెప్పాడో పెద్దాయనకు తెలియదు. డ్రైవరు అంటే ఎదురుగా కూర్చున్న స్కేలమ్మ ముందే అబద్ధమాడినట్టు, ఆర్కిటెక్టు అంటే తను అంతకుముందు చెప్పినదంతా అబద్ధమని ఒప్పుకున్నట్టు.

"రండి రండి" అంది డాక్టరమ్మ. "మీ కోసమే ఎదురుచూస్తున్నాం. ఒకే ఒక్క మాట అడగాలి. ఈ అమ్మాయి ఎవరు?"

పెద్దాయన రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. మెడ తుడుచుకున్నాడు. ఎప్పటిలా వాక్యం సగంలో ఆపేసే ముఖం పెట్టి స్కేలమ్మ వైపు చూశాడు. తెలిసిన మనిషివి కదా తల్లీ, నువ్వే ఏదో ఒకటి అనేసెయ్యి అన్నట్టు.

పదేళ్ళుగా ఆ చూపుకు ఆమె సాయం వస్తూనే ఉంది.

"చెప్పండి సార్" అంది స్కేలమ్మ. "నేను కూడా వింటాను."